అవ్వ కప్పిన నిప్పు

చౌటుప్పల్‌లో మా బిడ్డ ఇల్లు పెద్ద రోడ్డుకు నాలుగిళ్ళ అవతల ఉంటుంది. లారీల చప్పుడు వినకుండా అక్కడ ఒక్క పూట గడవదు. ఆ రోగం వచ్చి దేశమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో మాత్రం రోడ్డు మీద కుక్క నడిస్తే దాని గోళ్ళ చప్పుడు కూడా వినపడేది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునేవాళ్ళం. టీవీలో పొద్దున లేస్తే కర్ఫ్యూ, పడుకోబోతే కర్ఫ్యూ.

మా మనుమరాలికి ఒక పిచ్చి ఉంది. ఇంగ్లీషు మాట ఏదన్నా చెవిన పడితే చాలు, దాని తాతముత్తాతలెవరో తేల్చేదాకా అన్నానికి లేవదు. ఆ రోజు నేను ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నాను. పిల్ల ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది.

"అమ్మమ్మా, కర్ఫ్యూ అంటె ఏందో ఎరుకనా నీకు?"

"ఎరుక లేకేంది? బయటికి పోతె కాలుస్తరు. గంతే గద."

"గది ఇప్పటి మాట. మొదట్ల దాని అర్థం ఏందో చెప్పు. జన్మల చెప్పలేవు."

"చెప్పలేనని నువ్వే అంటివి. ఇగ నువ్వే చెప్పు."

"నిప్పు కప్పుడు," అన్నది పిల్ల.

నా చేతిలో ఎల్లిపాయ అట్లాగే ఉండిపోయింది. మళ్ళీ చెప్పమన్నాను. అది ఫోన్లో చూస్తూ చెప్పింది. ఫ్రాన్సు దేశంలో వెనకటి కాలాన ఇళ్ళన్నీ కట్టెలవీ గడ్డివీ అట. పొయ్యిలో నిప్పు వదిలేసి పడుకుంటే ఊళ్ళకు ఊళ్ళే కాలిపోయేవట. అందుకని పొద్దుగూకిన తర్వాత ఒక గంట కొట్టేవారట. ఆ గంట వినపడగానే ప్రతి ఇంట్లో పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి పడుకోవాలి. కప్పు, నిప్పు అనే రెండు మాటలు వాళ్ళ భాషలో కలిపి ఆ గంటకు పేరు పెట్టారు. ఆ పేరు సముద్రం దాటి ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి పోయింది. నిప్పు సంగతి అందరూ మరిచిపోయారు. గంట కొట్టినాక బయటికి రావద్దన్న హుకుం మాత్రం మిగిలింది.

"మంచిగున్నది గద అమ్మమ్మా?" అన్నది పిల్ల.

మంచిగుందనే అన్నాను. కళ్ళకు ఎల్లిగడ్డ ఘాటు తగిలిందని చెప్పి లేచి లోపలికి వెళ్ళాను.

*

మా ఊరు మోత్కూరుకు కొంచెం దూరాన, ఒక రాళ్ళగుట్ట కింద ఉండేది. మట్టి గోడల ఇల్లు, పైన గూన పెంకులు. ఇంట్లో నలుగురం కూడా లేము. బాపును కన్న అవ్వ, బాపు, నేను. అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది. ఆమె ముఖం నాకు తెలియదు. నాకు ముద్ద కలిపి పెట్టిందీ, తల దువ్విందీ, జొరమొస్తే భుజాన వేసుకుని తిరిగిందీ బాపే. మగవాడు పిల్ల తల దువ్వడమేమిటని వాడకట్టులో నవ్వేవాళ్ళు. "నా బిడ్డ తల నేను దువ్వక మీరొచ్చి దువ్వుతరా?" అనేవాడు ఆయన. జడ మాత్రం ఎప్పుడూ వంకరగానే వచ్చేది.

మా ఇంటికి ఆస్తిపాస్తులు లేకపోయినా ఒక పేరుండేది. మా పొయ్యి ఆరదని. అవ్వ కాపురానికి వచ్చిన నాడు రాజేసిన నిప్పు అట్లాగే నిలుస్తూ వచ్చిందని ఊరు ఊరంతా చెప్పుకునేది. అగ్గిపెట్టె అనేది ఆ రోజుల్లో కోమటి దుకాణంలో అరుదుగా కనిపించే వస్తువు. తెల్లారగానే ఆడవాళ్ళు కుండపెంకులు పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. పెంకులో ఇంత బూడిద, దాని మీద ఒక పిడక ముక్క. అవ్వ ఇనుప గరిటెతో ఒక నిప్పుకణిక తీసి పిడక మీద పెట్టేది. వాళ్ళు నోటితో ఊదుకుంటూ, కొంగు అడ్డం పెట్టుకుని, పొగలో కళ్ళు నులుముకుంటూ వెళ్ళేవారు. పిడక పొగ వాసన వస్తే తెల్లారినట్టు మాకు లెక్క.

అడిగితే నిప్పు లేదనకూడదు. అడిగి తెచ్చుకున్న నిప్పును దారిలో నేల మీద పడెయ్యకూడదు. పడేస్తే ఇచ్చిన ఇల్లూ తెచ్చిన ఇల్లూ రెండూ చల్లబడతాయని మా నమ్మకం. ఒకసారి కుమ్మరోళ్ళ కోడలు చెయ్యి కాలి, బొబ్బలెక్కినా సరే, పెంకును పొయ్యి దాకా తీసుకుపోయి అప్పుడు ఏడ్చింది. అవ్వ ఆ సంగతి పెళ్ళిళ్ళలో కూడా చెప్పి మెచ్చుకునేది.

పొద్దుగూకినాక నిప్పు కప్పడం అవ్వ పని. అది వేరేవాళ్ళను ముట్టనిచ్చేది కాదు. తుమ్మ మొద్దు కాలి ఎర్రగా అయిన బొగ్గును పొయ్యి నడుమకు జరిపి, గట్టి పిడక ముక్క ఒకటి ఆనించి, బూడిద పోసి, అరచేత్తో ఒత్తి, పైన పెంకు బోర్లించేది. పసిపిల్లకు దుప్పటి కప్పినట్టే కప్పేది. తెల్లవారుజామున వేలు పెట్టి కదిపితే లోపల ఎర్రటి కన్ను తెరిచేది నిప్పు.

*

ఆ కాలం మీకు తెలిసిందే. మొదట రజాకార్లు వచ్చి గడ్డివాములు కాల్చారు. తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది. నిజాం పోయాడని ఊరంతా బెల్లం పంచుకున్నది. నేనూ ఒక ముక్క తిన్నాను. బెల్లం నోట్లో కరగకముందే పట్నం పారిపోయిన దొర తిరిగొచ్చాడు. వెనకాలే లారీల్లో మిలిటరీ వచ్చి కోటలాంటి ఆయన గడీలో దిగింది. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ళు గుట్టల్లో ఉన్నారు, వాళ్ళను పట్టుకోవాలని. సంఘంలో తిరిగిన మగవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. బాపు సంఘంలో తిరగలేదు. నన్ను వదిలి ఎక్కడికి తిరుగుతాడు?

ఒకనాడు పొద్దు వాలే వేళకు మస్కూరి డప్పు కొట్టుకుంటూ వాడవాడ తిరిగాడు. ఊళ్ళో చాటింపు వేసేది అతనే.

"ఊరోళ్ళందరికి చెప్పొచ్చేదేందంటె! ఇయ్యాల్టి సంది కర్ఫ్యూ! గడీ మీద గంట కొట్టినంక ఎవ్వలు గడప దాటద్దు! మంట కనపడద్దు! పొద్దుగాల మల్ల గంట కొట్టేదాక బయట కనపడ్డోన్ని కాలుస్తరు!"

"గా కర్ఫ్యూ అంటె ఏందిరా?" అని అడిగింది ఎదురింటి పెద్దమ్మ.

"నాకేం ఎరుక పెద్దమ్మా? చెప్పుమన్నరు, చెప్పిన. గది తినేదా, తాగేదా అని నన్ను అడుగకు."

ఎవరికి వారు దానికి అర్థం చెప్పుకున్నారు. గొర్లకాపరికి అదంటే పొద్దుండగానే మందను తోలుకు రావడం. గౌండ్లాయనకు మాపటి కల్లు పోవడం. ఆ ఏడు మేము బతుకమ్మను మిట్టమధ్యాహ్నం ఆడాం. ఎండకు తంగేడు పూలు తలలు వాల్చాయి, పాట ఎత్తుకున్న ఆడవాళ్ళు గడీ వంక చూసుకుంటూ గొంతు తగ్గించారు. దగ్గే ముసలివాళ్ళు నోట్లో గుడ్డ కుక్కుకోవడం నేర్చుకున్నారు.

అవ్వ మాత్రం చేతులు తిప్పింది.

"అంటె ఏందే? పొద్దు గూకంగనే నిప్పు కప్పి పండుకోవాలె. గంతేగద! గా మాట చెప్పనీకె గింత డప్పెందుకు? నేను వచ్చిన్నాటి సంది గదే చేస్తున్న."

వాడకట్టంతా నవ్వింది. చదువుకున్నవాళ్ళ పుస్తకంలో ఉన్న అర్థమే అవ్వ ఆ రోజు చెప్పిందని మొన్న మనుమరాలు చెప్పేదాకా నాకు తెలియదు.

*

బాపు చెల్లెలు, మా అత్త, తొలుచూలు కాన్పుకు మా ఇంటికి వచ్చింది. సీతాఫలాల కాలం. ఆ ఏడు ముసురు పట్టి వారం రోజులు వదల్లేదు. ముసురులోనే అత్తకు కొడుకు పుట్టాడు. నెల తక్కువ పిల్లవాడు. నా అరచేతులు రెండూ చాపితే అందులో పట్టేటంత. ఏడుపు కూడా పిల్లి కూన మూలిగినట్టు.

బాలింత గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వాయిలాకు వేసి కాచిన నీళ్ళు, వాము పొగ, ఆముదం, తడిసిన మట్టి గోడ. మంచం కింద పగలూ రాత్రీ నిప్పుల కుంపటి ఉండాలి. వెచ్చదనం తప్పితే పిల్లవాడు దక్కడని మంత్రసాని ముందే చెప్పి వెళ్ళింది. కర్ఫ్యూ గంట తర్వాత మంట కనపడకూడదు కనుక అవ్వ కుంపటికి బూడిద పొర పోసి, తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కి కాపలా కాసింది. కుంపటి చల్లబడితే పొయ్యిలో కప్పిన నిప్పు తెచ్చి మార్చాలి. ఇంటి ప్రాణమంతా ఆ పొయ్యిలోనే ఉన్నట్టు.

బాలింత ఉన్న ఇంటి నుంచి పురుడు తీరేదాకా నిప్పు బయటికి ఇవ్వరు. కాబట్టి ఆ నాలుగు రోజులూ వాడకట్టు ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి పోయింది.

"నా ఇల్లు గుడా ఇయ్యాల గడీ అయింది అత్తమ్మా," అని పెద్దమ్మ మా అవ్వను ఎగతాళి చేసేది.

"నాలుగు దినాల మురిపెం. కానియ్యి," అనేది అవ్వ.

గుట్ట మీదికి పోవద్దని బాపు నాకు ఒట్టు వేయించుకున్నాడు. ముందు వారమే గొర్లకాపరిని గుట్ట దగ్గర పట్టుకుని, సంఘపోళ్ళకు సద్ది మోస్తున్నావని గడీలో కట్టేసి కొట్టారు. అయినా గుట్ట చుట్టూ సీతాఫలాలు విచ్చుకుంటుంటే పిల్లలు ఆగుతారా? నేను ఆగలేదు. పిడకలు ఏరడానికని చెప్పి పోయి, చేతికందిన పచ్చికాయ ఒకటి తెంపి, పరికిణీలో దాచుకుని వచ్చాను. పచ్చిది నిప్పుల్లో కాలిస్తే పైన నల్లబడి లోపల వెన్నలా అవుతుంది. మా దిక్కు పిల్లలకు అంతకు మించిన మిఠాయి లేదు.

గంట కొట్టారు. అవ్వ నిప్పు కప్పి అత్త దగ్గరికి పోయింది. బాపు దూడను లోపలికి తోలి కట్టేస్తున్నాడు. నేను పెంకు తీసి, బూడిద పక్కకు తోసి, బొగ్గు మీద కాయ పెట్టాను. కాయ చిటపటమన్నది. వాసన బయటికి పోతుందేమోనని తలుపు వంక చూస్తూనే ఉన్నాను. తిన్నాను, నాలుక కాల్చుకున్నాను. గింజలు ఒడిలో ఊసుకున్నాను.

"పోరీ! ఆడ ఏం చేస్తున్నవే? గా గుడ్డ అందియ్యి ఇటు!" అని అవ్వ లోపలి నుంచి పిలిచింది.

పెంకు బోర్లించి పరుగెత్తాను. బూడిద కప్పలేదు. బొగ్గు ఒక పక్కకు దొర్లి బట్టబయలుగా ఉంది. పెంకు ఉంది కదా అనుకున్నాను. తర్వాత నిద్ర వచ్చింది. అంతే జరిగింది.

*

తెల్లవారుజామున అవ్వ అరుపుకు లేచాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని బూడిదంతా రెండు చేతులతో తోడుతూ ఉంది. మోచేతుల దాకా బూడిద. బొగ్గంతా కాలి తెల్లటి పొడి అయిపోయింది. గదిలో కుంపటి కూడా చల్లబడింది. పిల్లవాడి పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. అత్త వాడిని రొమ్ముకు అదుముకుని, "అన్నా, వీడు పాలు పడ్తలేడే! అన్నా, వీని కాళ్ళు సల్లబడ్డయే!" అని ఒకటే ఏడుపు.

బాపు చుట్ట తాగేవాడు కాదు. ఇంట్లో చెకుముకి రాయి కూడా లేదు. ఆయన ఒక కుండపెంకు అందుకుని, బూడిద పోసి, మూత పెట్టడానికి ఇంకో పెంకు తీసుకున్నాడు.

"గంట కొట్టలే కొడుకా," అన్నది అవ్వ. "జర ఆగు."

"గంట కొట్టేదాక వీడు ఆగుతడా అవ్వా? పెద్దమ్మ గడప మనకు పన్నెండు అడుగులు లేదు. పోయినోన్ని పోయినట్టే వస్త."

"నేను పోత. ఆడదాన్ని ఏమనరు."

"నీ మోకాళ్ళతోటి ఎప్పుడు పోతవు, ఎప్పుడొస్తవు? తలుపు తీసి పట్టుకో."

నేను తలుపు సందులోంచి చూశాను. చినుకులు పడుతున్నాయి. తూర్పున ఇంకా తెలుపు రాలేదు, మనిషి ఆకారం మాత్రం తెలుస్తోంది. పెద్దమ్మ తలుపు తెరుచుకుంది. ఆమె నిప్పు వేసి ఇచ్చింది. బాపు ఇటు తిరిగాడు. సగం దూరం వచ్చాడు. గడీ మిద్దె మీద నుంచి ఒక కేక వినపడింది. మన తురక మాట కాదు, తెలుగు కాదు. ఎవరిదో ఏ దేశపుదో.

బాపు పారిపోలేదు. తప్పు చేసినవాడు కదా పారిపోయేది. నిప్పు కోసమే వచ్చానని చూపిద్దామని పైపెంకు ఎత్తి పట్టుకున్నాడు. నిప్పు ఎర్రగా వెలిగింది. వానకు ఆరిపోతుందని వెంటనే మూశాడు. వాళ్ళు మళ్ళీ కేకవేశారు. మళ్ళీ ఎత్తి చూపించాడు, మళ్ళీ మూశాడు.

"నిప్పు సారూ! బాలింత ఉన్నది! నిప్పు!"

బూట్ల చప్పుడు సందులోకి వచ్చింది. చేతులెత్తమని తుపాకి ఊపుతున్నారు. చేతులెత్తాలంటే పెంకు వదిలెయ్యాలి. బాపు వదల్లేదు. అడిగి తెచ్చిన నిప్పు అది. అట్లాగే మెల్లగా నడిచి మా గడప దాకా వచ్చి, వంగి, పెంకును గడప మీద ఆనించాడు. ఆ వంగిన నడుము మీదనే తుపాకి మడమతో కొట్టారు. అవ్వ ఒక చేత్తో కొడుకును పట్టుకోబోయింది, ఇంకో చేత్తో పెంకును లోపలికి లాగింది. కొడుకు చేతికి అందలేదు. పెంకు అందింది.

ఆ నిప్పుతోనే కుంపటి రాజేశారు. పొద్దు పొడిచేసరికి పిల్లవాడు పాలు పట్టాడు.

*

తెల్లారి గంట కొట్టగానే అవ్వ నన్ను వెంటబెట్టుకుని, పెద్దమ్మను తోడు తీసుకుని గడీకి పోయింది. ఆ పెంకు కూడా కొంగులో పట్టుకుంది, చూపించడానికి. బాపు గడీ అరుగు కింద వానలో మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేశారు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, దగ్గరికి రావద్దని.

ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మాట మాకు, మా మాట ఆయనకు చెప్పడానికి మా పటేలు పక్కన నిలబడ్డాడు. పటేలు మంచివాడే. బాపుతో కలిసి గోలీలాడిన మనిషి.

గుట్ట మీదివాళ్ళకు నిప్పుతో సైగ చేశాడని ఆఫీసరు అన్నాడట. రెండుసార్లు వెలిగించి రెండుసార్లు ఆర్పాడని మిద్దె మీది కాపలా మనిషి చూశాడట.

"సైగ గాదు బాంచెన్," అన్నది అవ్వ. "ఇంట్ల బాలింత ఉన్నది. పసిగుడ్డు సల్లబడుతుంటె నిప్పుకు పోయిండు."

"నేనే ఇచ్చిన సారూ," అన్నది పెద్దమ్మ. తలుపు తీసినందుకు తననూ పట్టుకోవచ్చు, అయినా చెప్పింది.

ఆఫీసరు కొంచెం మెత్తబడ్డట్టే కనిపించాడు. పటేలుకు ధైర్యం వచ్చింది. ఇంకొంచెం మంచిమాట చెబుదామనుకున్నాడు. ఆయన ఆఫీసరుకు చెప్పి, మాకు వినపడాలని తెలుగులో కూడా అన్నాడు.

"మంచి ఇల్లు సారూ గిది. నేను పుట్టిన్నాటి సంది వీండ్ల పొయ్యి ఆరంగ చూడలే. ఊరికంతటికి నిప్పు ఈ ఇంట్లకెళ్ళే పోతది."

ఆఫీసరు కుర్చీలో ముందుకు వంగాడు. మెల్లగా ఏదో అడిగాడు. పటేలు ముఖం పాలిపోయింది. చెప్పమని ఆఫీసరు కర్రతో అరుగు మీద తట్టాడు.

"ఎన్నడు ఆరని పొయ్యి ఉండంగ... ఎదురింటికి నిప్పుకు ఎందుకు పోయిండని అడుగుతున్నడు అత్తమ్మా."

"ఆరింది బిడ్డా. రాత్రి ఆరింది."

"ఎట్ల ఆరిందంటున్నడు."

అవ్వ తన చేతుల వంక చూసుకున్నది. గోళ్ళ సందుల్లో ఇంకా బూడిద ఉంది.

"నేనే కప్పిన," అన్నది. "ఎప్పటి లెక్కనే కప్పిన. ఎట్ల ఆరిందో... నాకు తెల్వది."

నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. నా నాలుక కాలి పొక్కి ఉంది. నేను తీసిన, నేను కాయ కాల్చుకున్న, నేను కప్పలేదు. ఇంతే కదా చెప్పాల్సింది. కాయ ఎక్కడిదని అడుగుతారు. గుట్టదని చెప్పాలి. గుట్టకు పోయినవాళ్ళను ఏం చేస్తారో ఊరంతా చూసింది. నన్ను కూడా వానలో మోకాళ్ళ మీద కూర్చోబెడతారు. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతవరకే తోచింది. తప్పు చేశానని అవ్వకు తెలుస్తుందన్న భయం కూడా ఉంది. ఏ భయం పెద్దదో ఇప్పుడు చెప్పలేను. ఏడిస్తే అందరూ బాపు కోసం ఏడుస్తున్నాననుకున్నారు.

మధ్యాహ్నం లారీలో బాపును నల్లగొండకు తీసుకుపోయారు. లారీ కదిలేటప్పుడు ఆయన అరిచాడు.

"అవ్వా! దాని తల దువ్వుడు మరువకు!"

*

రెండు వానకాలాలు పోయాయి. అత్త పిల్లవాడిని ఎత్తుకుని మెట్టినింటికి వెళ్ళింది. వాడు బొద్దుగా తయారయ్యాడు. గడీ ఖాళీ అయింది, గంట కొట్టడం మానేశారు. దుకాణంలో అగ్గిపెట్టెలు రావడం మొదలైంది. ఆడవాళ్ళు పెంకులు పట్టుకుని రావడం కొద్దికొద్దిగా తగ్గింది. వచ్చినా అవ్వ గరిటె నా చేతికిచ్చి, "నువ్వేయి," అని పక్కకు తప్పుకునేది. రాత్రి నిప్పు కప్పడం కూడా నాకే అప్పగించింది.

"నా చేతులకు ఏమో అయింది బిడ్డా. నమ్మబుద్ధి అయితలేదు. నువ్వు కప్పు. నీ చెయ్యి మంచిది."

నా చెయ్యి మంచిదన్నది. నేను కప్పాను. ప్రతి రాత్రీ కప్పాను.

బాపు ఒకనాటి పొద్దున మోత్కూరు వైపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. అవ్వకు ఆయనను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. పక్కటెముకలు ఒక వైపు లోపలికి పోయాయి. కుడిచేతి వేళ్ళు మడత పడవు. ఇంటి ముందు నిలబడి మొదట అడిగింది ఒకటే.

"పిలగాడు ఉన్నడా?"

"ఉన్నడు కొడుకా. ఉరుకుతుండు. నీ నిప్పుకే బతికిండు."

అప్పుడు అరుగు మీద కూర్చున్నాడు. జొన్న గటక కలిపి పెడితే ఎడమ చేత్తో తిన్నాడు. నన్ను దగ్గరికి పిలిచి జడ చూశాడు. "సక్కగ వచ్చింది. ఎవలేసిండ్రు?" అన్నాడు. నేనే వేసుకున్నానని చెప్పాను.

ఆయన దగ్గు ఇంట్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడు అయిపోయింది. అవ్వ పగలంతా బాగానే ఉండేది, ఆయన దగ్గినప్పుడల్లా నెత్తి కొట్టుకునేది. "నా చేతులతోటే చేసుకున్న కొడుకా! కప్పరాకుంట కప్పిన!"

"పొయ్యి అన్నంక ఆరదా అవ్వా? ఊకో," అనేవాడు బాపు. "ముసురు పట్టింది. ఆరింది. దానికి నువ్వేం చేస్తవు?"

ఒక మాపు నేను ఆయన కాళ్ళు ఒత్తుతున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. చెబుదామనుకున్నాను.

"బాపూ."

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె మంచిదే," అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. చెంబుతో నీళ్ళు తేవడానికి లేచాను. ఎండలు ముదరకముందే ఆయన పోయాడు.

అత్త కొడుకు పెద్దవాడై, వ్యవసాయం చేసి, మనుమలను ఎత్తాడు. బాపు చనిపోయిన తిథికి ప్రతి ఏటా వస్తాడు. "మా మామ నిప్పు తేకుంటె నేనేడుందును?" అని తన పిల్లలకు చెబుతాడు. ఆ నిప్పు ఎందుకు తేవాల్సి వచ్చిందని వాడెన్నడూ అడగలేదు. మా ఇంట్లో ఆ మాట అడిగింది ఒక్క మనిషే.

అవ్వ చాలాకాలం బతికింది. నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినాక మంచం పట్టింది. నేను పోయి పది రోజులు ఉన్నాను. అప్పటికి చూపు పోయింది, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. ఆమె చేతులకు ఆముదం రాస్తుంటే ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకున్నది.

"బిడ్డా, నీకు అన్ని యాదుంటయి గద. నాకు కాన్పుల లెక్క నువ్వే చెప్తవు, పెండ్లిల లెక్క నువ్వే చెప్తవు. ఒక్కటి చెప్పు. గా దినం పొద్దుమూకి నేను బూడిద కప్పిన్నా, మరిచిన్నా? నువ్వు పక్కనే కూసున్నవు. నాకెంత తలుసుకున్నా కప్పినట్టే అనిపిస్తది. కప్పితె ఎట్ల ఆరుతది?"

ఆమె పొర కమ్మిన కళ్ళు నా ముఖం ఉన్న వైపే చూస్తున్నాయి. బయట నా పిల్లలు ఆడుకుంటున్నారు. గడీ లేదు, ఆఫీసరు లేడు, కట్టేసేవాడు లేడు.

"యాదికి లేదవ్వా," అన్నాను.

"నీకు గుడా లేదా?" అని చెయ్యి వదిలేసింది. "అయితె మరిచే ఉంట," అని గోడ వైపు తిరిగి పడుకున్నది. తర్వాత రెండు రోజులు బతికింది. మళ్ళీ అడగలేదు.

ఆ రాత్రి అవ్వ మూడు దోసిళ్ళ బూడిద పోసింది. మొదటి రెండూ బొగ్గు మీద, మూడోది చుట్టూ. పోసి అరచేత్తో ఒత్తి, ఎక్కడైనా సందు ఉందేమోనని వేలితో తడిమి చూసుకున్నది.